ఇంగ్లీషు పేపర్ హెడ్డింగులు ఏ గ్రామర్ ప్రకారం నడుస్తాయి?

ప్రశ్న అడిగింది కావలి అమ్మాయి. బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. రోజూ ఇంగ్లీషు పేపర్ చదవమని కోచింగ్‌లో చెప్పారట. చదవబోతే హెడ్డింగుల దగ్గరే ఆగిపోతున్నానంటోంది. సీఎం వచ్చి వెళ్లింది నిన్న అయితే 'సీఎం విజిట్స్ నెల్లూరు' అని ఎందుకు రాస్తారు? 'త్రీ హెల్డ్' అన్నచోట 'వర్' ఎక్కడికి పోయింది? 'ఎ', 'ది' అసలు కనిపించవేం? వాక్యంలో తప్పు పట్టుకోమనే ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నల్లో ఇవన్నీ తప్పులే కదా, మరి తప్పుల ఇంగ్లీషు చదివి నాకొచ్చేదేమిటి? ఇదీ ఆమె టెన్షన్.

అమ్మా, నేను చాలా ఏళ్లు మద్రాసులో ఒక ఇంగ్లీషు దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. మన వైపు నుంచి వచ్చే వార్తలు దిద్ది హెడ్డింగులు పెట్టడమే నా ఉద్యోగం. ఇప్పుడు ఒంగోలులో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. మీ సందేహం నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందికి ఉంది. అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను. ఎక్కడ, ఎప్పుడు వచ్చిందో నేను చెప్పినవి నిజం హెడ్డింగులు. మిగతావన్నీ మన ఊళ్ల పేర్లతో నేను అల్లుకున్న ఉదాహరణలు.

ముందు ఒక మాట. హెడ్డింగు ఇంగ్లీషు తప్పుల ఇంగ్లీషు కాదు. దాని సూత్రాలు దానికున్నాయి, అవి చాలా గట్టివి. డెస్కులో కొత్తగా చేరినవాళ్లు 'త్రీ వర్ హెల్డ్' అని రాస్తే చీఫ్ సబ్ కొట్టేసి వెనక్కి పంపేవారు. వ్యాసంలో ఏది తప్పో హెడ్డింగులో అది ఒప్పు. అలాగే వ్యాసంలో ఒప్పయినది హెడ్డింగులో తప్పు కావచ్చు. ఈ రెంటినీ మనసులో వేర్వేరుగా పెట్టుకుంటే మీ భయం సగం పోతుంది.

ఇలాంటిది మీకు కొత్త కూడా కాదు. తెలుగు పేపర్లో రోజూ చూస్తూనే ఉన్నారు. 'లారీ ఢీకొని ఇద్దరి మృతి', 'గంజాయి ముఠా అరెస్టు', 'నేడు నెల్లూరుకు సీఎం'. ఈ మూడింటిలో వాక్యాన్ని ముగించే క్రియ ఎక్కడుంది? చచ్చిపోయారు, పట్టుకున్నారు, వస్తున్నారు అన్న మాటలే లేవు. ఇంట్లో మనం 'మా పక్కింటాయన మృతి' అని చెప్పుకోం. అయినా పేపర్లో చూడగానే తెలిసిపోతుంది, ఎవరూ నేర్పక్కర్లేదు. తెలుగు హెడ్డింగు క్రియను తీసేసి దాని చోట మృతి, అరెస్టు, రాక, ధర్నా లాంటి నామవాచకం పెడుతుంది. ఇంగ్లీషు హెడ్డింగు దారి వేరు. అది అసలు క్రియను ఉంచుకుని, దానికి సాయంగా ఉండే 'వజ్', 'వర్', 'హాజ్', 'విల్' లాంటివాటిని తీసేస్తుంది. ఆ సాయం పోయాక క్రియ రూపం ఒక్కటే మొత్తం బరువు మోయాలి. అందుకే రూపాల అర్థాలు అక్కడ కొంచెం మారతాయి.

ఆ మార్పు ఇలా ఉంటుంది. 'విజిట్స్' అంటే వచ్చారు, పని అయిపోయింది. 'టు విజిట్' అంటే రాబోతున్నారు. 'హెల్డ్', 'కిల్డ్', 'సీజ్డ్' లాంటి మూడో రూపం ఒంటరిగా కనిపిస్తే ఆ పని వాళ్ల మీద జరిగిందని అర్థం. 'ఫాలింగ్', 'రైజింగ్' లాంటి ఐఎన్‌జీ రూపం అయితే ఇంకా జరుగుతోంది. ఈ నాలుగూ పట్టుబడితే జిల్లా పేజీలో చాలా హెడ్డింగులు మీకు విడిపోతాయి.

జరిగిపోయినదాన్ని వర్తమానంలో రాయడం మన దేశంలో పుట్టిన అలవాటు కాదు. 1912 ఏప్రిల్ 16న న్యూయార్క్ టైమ్స్ 'టైటానిక్ సింక్స్ ఫోర్ అవర్స్ ఆఫ్టర్ హిట్టింగ్ ఐస్‌బర్గ్' అని వేసింది. ఓడ మునిగింది అంతకు ముందురోజు తెల్లవారుజామున. అదే పత్రిక 1969 జులై 21న 'మెన్ వాక్ ఆన్ మూన్' అని వేసింది. చంద్రుడి మీద నడక అప్పటికే అయిపోయింది. 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న మన శ్రీహరికోట నుంచి 2023 జులై 14న చంద్రయాన్-3 ఎగిరింది, ఆగస్టు 23న దిగింది. ఆ మర్నాటి పేపరుకు నన్ను హెడ్డింగు పెట్టమంటే నేనూ 'ఇండియా ల్యాండ్స్' అనే రాసేవాణ్ని, 'ఇండియా ల్యాండెడ్' అని రాయను.

ఎందుకు అంటే చాలామంది 'చోటు కలిసిరావడానికి' అంటారు. క్లాసుల్లోనూ ఇదే చెబుతారు. ఇది సగమే నిజం. ఇంగ్లీషులో 'సింక్స్' రాయడానికి ఐదక్షరాలు కావాలి, 'శాంక్'కు నాలుగు చాలు. చోటే కారణమైతే భూతకాలమే గెలవాలి. నా దృష్టిలో అసలు కారణం వేరే ఉంది. భూతకాల రూపాన్ని హెడ్డింగు ఇంకో పనికి కేటాయించుకుంది, కర్మణి వాక్యానికి, అంటే పాసివ్ వాయిస్‌కు. జరిగిన పనికి 'విజిట్స్' చాలు అని ఒకసారి నిర్ణయించుకున్నాక 'అటాక్డ్', 'హెల్డ్' లాంటి రూపాలు ఖాళీ అయ్యాయి. అప్పుడు 'వజ్', 'వర్' తీసేసినా గందరగోళం లేకుండా వాటిని 'దాడికి గురయ్యారు', 'పట్టుబడ్డారు' అనే అర్థంలో వాడుకోవచ్చు. అంటే మీరు అడిగిన మొదటి ప్రశ్నకూ రెండో ప్రశ్నకూ జవాబు ఒక్కటే. అక్కడ వర్తమానం ఉంది గనకే ఇక్కడ 'వర్' అక్కర్లేకపోయింది.

మన పిల్లలు ఎక్కువగా బోల్తాపడేది కూడా ఒంటరిగా వచ్చే ఈ మూడో రూపం దగ్గరే. 'ఫార్మర్ అటాక్డ్ నియర్ ఉదయగిరి' అని ఉందనుకోండి. క్లాసులో ఎవరినైనా అడిగితే 'ఉదయగిరి దగ్గర రైతు దాడి చేశాడు' అంటారు. అర్థం పూర్తిగా తిరగబడింది. దాడి జరిగింది రైతు మీద. రైతే దాడి చేసి ఉంటే హెడ్డింగు 'ఫార్మర్ అటాక్స్' అని, తర్వాత ఎవరి మీదో చెబుతూ ఉండేది. బాధితుడిని నిందితుడిగా చదివేస్తే అది చిన్న పొరపాటు కాదు. అందుకే దీని మీద నేను ఎక్కువ సమయం పెడతాను.

పాత ఉదాహరణ కావాలంటే 1865 ఏప్రిల్ 15 నాటి న్యూయార్క్ టైమ్స్ ఉంది. 'ప్రెసిడెంట్ లింకన్ షాట్ బై ఏన్ అసాసిన్'. 'వజ్' లేదు. అయినా లింకన్ ఎవరినో కాల్చాడని ఎవరూ అనుకోరు, ఎందుకంటే 'బై' ఉంది. గమనించండి, అప్పటికి 'ఏన్' ఇంకా ఉంది. మన జిల్లా పేజీల్లో చాలాసార్లు 'బై' కూడా ఉండదు. అప్పుడు చూడవలసింది ఒక్కటే, క్రియ తర్వాత కర్మ ఉందా లేదా అని. 'హిట్', 'కట్', 'షట్', 'పుట్' లాంటి క్రియలకు మూడు రూపాలూ ఒకటే కాబట్టి ఇక్కడ ఇంకాస్త జాగ్రత్త కావాలి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చింది కదా, అలాంటి రోజుల్లో పేజీ నిండా 'హిట్' ఉంటుంది. 'రెయిన్స్ హిట్ ప్రాన్ ఫార్మ్స్' అంటే వానలు రొయ్యల చెరువులను దెబ్బతీశాయి. 'ప్రాన్ ఫార్మ్స్ హిట్' అంటే రొయ్యల చెరువులు దెబ్బతిన్నాయి. మొదటిదాంట్లో 'హిట్' తర్వాత దెబ్బతిన్న వస్తువు ఉంది, రెండోదాంట్లో ఏమీ లేదు. 'పవర్ సప్లై హిట్ ఇన్ నెల్లూరు'లో కూడా 'హిట్' తర్వాత ఉన్నది ఊరి పేరే గానీ కర్మ కాదు. కాబట్టి కరెంటు సరఫరాయే దెబ్బతింది. పైగా సప్లై ఏకవచనం, అదే కర్త అయితే 'హిట్స్' అని ఎస్ తగలాలి. తగల్లేదు. ఇలా రెండు గుర్తులు మీకు దొరుకుతాయి.

అయితే హెడ్డింగులో 'వజ్' అసలే రాదా అంటే వస్తుంది, వచ్చిందంటే దానికో పని ఉంటుంది. 'డ్రైవర్ వజ్ డ్రంక్, సే పోలీస్' అనే హెడ్డింగు చూడండి. ప్రమాదం మొన్న జరిగింది, అప్పుడు డ్రైవరు తాగి ఉన్నాడని పోలీసులు ఇవాళ చెప్పారు. 'వజ్' తీసేస్తే ఇప్పుడు తాగి ఉన్నాడన్న అర్థం వచ్చే ప్రమాదం ఉంది. పాత సంగతి గురించి కొత్తగా తెలిసినప్పుడు భూతకాలం తిరిగొస్తుంది. కాబట్టి 'వజ్', 'హ్యాడ్' కనిపిస్తే 'ఓహో, ఇది వెనకటి సంగతి' అని గుర్తుపట్టండి.

భవిష్యత్తు సంగతి తేలిక. 'ఎక్స్‌ప్రెస్ టు హాల్ట్ ఎట్ కావలి' అంటే ఆ రైలు కావలిలో ఆగబోతోంది. 'విల్' వాడరు. 'లైక్లీ టు', 'సెట్ టు', 'మే' అంటే ఇంకా ఖాయం కాలేదు. కానీ ప్రతి 'టు' భవిష్యత్తు కాదు. 1975 అక్టోబరు 30న న్యూయార్క్ డైలీ న్యూస్ 'ఫోర్డ్ టు సిటీ: డ్రాప్ డెడ్' అని వేసింది. న్యూయార్క్ నగరం దివాలా అంచున ఉంటే కేంద్రం డబ్బిచ్చి గట్టెక్కించడానికి ప్రెసిడెంట్ ఫోర్డ్ ఒప్పుకోలేదు. ఇక్కడ 'టు' అంటే నగరానికి చెప్పింది అని, 'డ్రాప్ డెడ్' అంటే 'పోయి చావు' అని. 'టు' తర్వాత క్రియ వస్తే భవిష్యత్తు, మనిషో సంస్థో ఊరో వచ్చి తర్వాత కోలన్ ఉంటే ఎవరు ఎవరితో అన్నారన్న లెక్క. ఇంకో ముఖ్యమైన సంగతి, ఫోర్డ్ ఆ మాటలు అనలేదు. ఆయన ప్రసంగంలోని సారాన్ని డెస్కు తన మాటల్లో అలా పెట్టింది. కోలన్ తర్వాత ఉన్నదంతా ఆ మనిషి నోటి మాటే అనుకోకూడదు.

'ఎ', 'ది' పోవడానికి, 'ఈజ్', 'ఆర్' పోవడానికి మాత్రం చోటే ప్రధాన కారణం. సీసపు అచ్చుల రోజుల్లో ఒక కాలమ్ వెడల్పులో హెడ్డింగు పట్టాలంటే అక్షరాల కొలత లెక్కవేసేవారు. ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో చాలావాటికి ఒకటి, ఎం, డబ్ల్యు లాంటి వెడల్పువాటికి ఒకటిన్నర, ఐ, ఎల్ లాంటి సన్నవాటికి అర. లైనుకు ఇన్ని యూనిట్లు అని ఉంటుంది, దాటితే పట్టదు. 'ది' తీసేస్తే మూడక్షరాలు, ఒక ఖాళీ మిగులుతాయి. ఆ చోట్లో ఊరి పేరు పట్టొచ్చు. 2013 జులైలో మూతపడిన పాత తంతి టెలిగ్రామ్‌లో 'మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ' అని రాసినట్టే ఇదీ. అక్కడ మాటకింత అని డబ్బు, ఇక్కడ లైనుకింత అని చోటు. ఇప్పుడు కంప్యూటరు మీద పేజీ కడుతున్నా పేపరు కాలమ్ వెడల్పు పెరగలేదు కాబట్టి పద్ధతి నిలిచింది. వెబ్‌సైట్లలో చోటుకు కొదవ లేదు, చదివేవాళ్లు వెతికే మాటలు కూడా హెడ్డింగులో ఉండాలి. అందుకే అక్కడ పొడుగాటి, దాదాపు పూర్తి వాక్యాల హెడ్డింగులు ఎక్కువగా కనిపిస్తాయి. మీరు ఫోన్లో ఒకటి, పేపర్లో ఒకటి చూసి ఏది సరైనదని అనుమానపడొద్దు.

అర్థం మారిపోయేచోట మాత్రం మంచి డెస్కు 'ఎ'ను ముట్టుకోదు. 'ఫ్యూ' అంటే దాదాపు ఎవరూ లేరని, 'ఎ ఫ్యూ' అంటే కొందరున్నారని. అక్కడ 'ఎ' కోసేస్తే వార్తే తప్పవుతుంది.

'అండ్' బదులు కామా వస్తుంది. 'నెల్లూరు, ఒంగోలు గెట్ న్యూ బసెస్' అన్నది చూసి ఒంగోలు పక్కనున్న నెల్లూరు అనో, అడ్రసు అనో అనుకోకండి. 'గెట్స్' అని కాకుండా 'గెట్' అని ఉందంటే కర్తలు ఇద్దరన్నమాట.

తర్వాత నామవాచకాల గొలుసు. 'సోమశిల గేట్ రిపేర్ ఫండ్స్ ప్రోబ్' అని ఉంటుంది. ఒక్క విభక్తీ లేదు, 'ఆఫ్', 'ఫర్', 'ఇంటు' ఏదీ లేదు. కానీ ఇక్కడ మనకు ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవాళ్లతో సమానంగా సులువు ఉంది. తెలుగులో కూడా అసలు మాట చివరే వస్తుంది. అదే వరుసలో విభక్తులు తగిలించుకుంటూ పోతే చాలు, 'సోమశిల గేట్ల మరమ్మతు నిధులపై విచారణ'. మాటల వరుస అస్సలు మార్చనక్కర్లేదు. 'ఆఫ్' ఉన్న మామూలు ఇంగ్లీషు వాక్యాన్నే మనం వెనక నుంచి ముందుకు తిప్పుకోవాలి, ఈ గొలుసును అక్కర్లేదు. ఈ సంగతి చెప్పగానే పిల్లల ముఖాలు విప్పారడం నేను చాలాసార్లు చూశాను.

మనకు కష్టమయ్యేది ఇంకోచోట. తెలుగులో క్రియకు దాని ముగింపే గుర్తు. 'ఆగింది' అంటే క్రియ, 'ఆపడం' అంటే నామవాచకం, తేడా చెవికే తెలుస్తుంది. ఇంగ్లీషులో 'హాల్ట్', 'ప్లాన్', 'స్ట్రైక్', 'ఫైర్', 'ప్రోబ్' రెండూ అవుతాయి. చివర ఎస్ ఉంటే అది బహువచన నామవాచకం కావచ్చు, ఏకవచన క్రియ కావచ్చు. సహాయక మాటలు పోయిన హెడ్డింగులో ఏది క్రియో తేల్చుకోవడమే అసలు పని. ఇంగ్లీషువాళ్లే తడబడతారు. దీనికి పేరున్న ఉదాహరణ 2009లో జపాన్‌లో ఒక ఇంగ్లీషు వార్తా వెబ్‌సైట్‌లో వచ్చింది. 'వయొలినిస్ట్ లింక్డ్ టు జేఏఎల్ క్రాష్ బ్లాసమ్స్'. 1985 ఆగస్టు 12న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి 520 మంది చనిపోయారు. ఆ ప్రమాదంలో తండ్రిని పోగొట్టుకున్న అమ్మాయి వయొలిన్ కళాకారిణిగా రాణిస్తోందన్నది వార్త. 'బ్లాసమ్స్' ఇక్కడ క్రియ, వికసిస్తోంది అని. కానీ 'క్రాష్ బ్లాసమ్స్' అని కలిపి చదివితే కూలిన పువ్వులేమిటో ఎవరికీ అర్థం కాదు. అప్పటి నుంచి ఇలా రెండర్థాలతో తికమకపెట్టే హెడ్డింగులకు 'క్రాష్ బ్లాసమ్స్' అన్న పేరే స్థిరపడింది. అలాంటిది ఎదురైతే ముందు మీ ఇంగ్లీషును అనుమానించకండి. చివరి మాటను క్రియగా పెట్టి ఒకసారి చదివి చూడండి. కుదరకపోతే మధ్య మాటను క్రియగా చూడండి. ఇక్కడ 'లింక్డ్' కూడా క్రియలాగే కనిపించి మోసం చేస్తుంది. నిజానికి అది 'ప్రమాదంతో సంబంధమున్న' అని కళాకారిణికి విశేషణం.

చిన్న మాటల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే డిక్షనరీలో మొదటి అర్థం చూసి వదిలేస్తే ఇక్కడ పనికిరాదు. 'నాడ్' అంటే ఆమోదం. 'ప్రోబ్' విచారణ. 'మల్' అంటే ఆలోచిస్తున్నారు, ఇంకా తేల్చలేదు. 'ఫ్లే' అంటే తీవ్రంగా విమర్శించడం. 'సాప్స్' అంటే ప్రభుత్వం ఇచ్చే తాయిలాలు. 'హెల్డ్' అంటే అరెస్టయ్యారు, 'బుక్డ్' అంటే కేసు పెట్టారు. ఈ రెండూ ఒకటి కావు, కేసు పెట్టినంత మాత్రాన అరెస్టు చేసినట్టు కాదు. గొడవ, వివాదం అనే అర్థంలో వచ్చే మాటను 'రౌ' అని పలకాలి. 'రో' అంటే వరుస. స్పెల్లింగు ఒకటే. 'బిడ్' అంటే హెడ్డింగులో ఎక్కువగా ప్రయత్నం, కానీ ఒంగోలు, కందుకూరు పొగాకు వేలం వార్తల్లో అది నిజంగా పాటే. 'స్టర్' అంటే గరిటెతో కలపడం అని స్కూల్లో చదువుకుంటాం. హెడ్డింగులో అది ఆందోళన, ఉద్యమం. 1992లో మన దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని ఇంగ్లీషు డెస్కు భాషలో 'యాంటీ-అర్రాక్ స్టర్' అంటారు. 'అర్రాక్' కూడా లండన్ పాఠకుడికి వివరించాల్సిన మాటే. మనకు అక్కర్లేదు.

ధర్నా, బంద్, రాస్తారోకో, లాఠీచార్జి, లక్ష, కోటి, ఇవన్నీ మన ఇంగ్లీషు హెడ్డింగుల్లో యథాతథంగా ఉంటాయి. 'రయట్స్' అని ఆంధ్ర పేజీల్లో కనిపించేది మన రైతులే. దాని స్పెల్లింగులో ఆర్ తర్వాత వై ఉంటుంది. ఐ ఉంటే అల్లర్లు. పలకడంలో దాదాపు ఒకటే కాబట్టి పైకి చదివి వినిపించేటప్పుడు గందరగోళం వస్తుంది, కంటితో చూసి తేల్చుకోవాలి. పొట్టిపేర్ల దగ్గరా ఇలాంటిదే. 'ఎస్సీ' అంటే సుప్రీంకోర్టు కావచ్చు, షెడ్యూల్డ్ కులాలు కావచ్చు. 'ఎంపీ' అంటే పార్లమెంటు సభ్యుడా, మధ్యప్రదేశా? 'ఎస్పీ' అంటే జిల్లా పోలీసు అధికారా, సమాజ్‌వాదీ పార్టీయా? ఏ పేజీలో ఉందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఇంగ్లీషు పేపరు మన ప్రాంతానికి పరాయిది అనుకునేవాళ్లకు ఒకటి గుర్తుచేస్తాను. ఒంగోలు జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ ప్రకాశం పంతులుగారు 1921లో మద్రాసు నుంచి 'స్వరాజ్య' అనే ఇంగ్లీషు దినపత్రిక నడిపారు. నెల్లూరు జిల్లాకు చెందిన ఖాసా సుబ్బారావుగారు అందులో పనిచేసి, తర్వాత పేరున్న ఇంగ్లీషు సంపాదకుడయ్యారు. నెల్లూరులోనే 1928లో 'జమీన్ రైతు' వారపత్రిక పుట్టింది. పత్రిక చదవడం, పత్రిక నడపడం రెండూ ఇక్కడ బాగా పాతుకుపోయిన పనులు. మీరు కావలిలో కూర్చుని ఇంగ్లీషు పేపరు చదవడానికి మొహమాటపడాల్సిన పనే లేదు.

ఇక కొటేషన్ గుర్తులు. గ్రామర్ పుస్తకాలు దీన్ని తేలిగ్గా వదిలేస్తాయి గానీ నాకు ఇది చాలా ముఖ్యం. హెడ్డింగులో ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న మాటకు పత్రిక పూచీ లేదు. 'ఫేక్' అన్న మాటను గుర్తుల్లో పెట్టి 'సీడ్స్ సీజ్డ్' అని రాశారంటే, విత్తనాలు పట్టుకున్నది నిజం, నకిలీవన్నది అధికారుల మాట, ఇంకా తేలలేదు. ఎవరి మీదైనా ఆరోపణ వచ్చినప్పుడు 'అలెజ్డ్' అనే పెద్ద మాటకు చోటు చాలక ఈ గుర్తులు పెడతారు. 'సేస్' అంటే అన్నారు. 'క్లెయిమ్స్' అంటే అన్నారు గానీ రుజువు లేదు. 'అడ్మిట్స్' అంటే ఒప్పుకున్నారు. ఈ మూడింటిలో ఏది పడిందన్నదాన్ని బట్టి ఒక మనిషి పరువు ఉంటుంది. మంచి డెస్కులో ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదన జరుగుతుంది. 1948 నవంబరు 3న షికాగో డైలీ ట్రిబ్యూన్ అమెరికా అధ్యక్ష ఎన్నికల లెక్కింపు పూర్తికాకుండానే 'డ్యూయీ డిఫీట్స్ ట్రూమన్' అని వేసేసింది. గెలిచింది ట్రూమన్. వర్తమాన రూపం 'ఇది జరిగిపోయింది' అని చెబుతుంది కాబట్టే ఆ తప్పు అంత ఘోరంగా కనిపించింది. 'మే', 'లైక్లీ టు' లాంటి చిన్న మాట ఒకటి ఉంటే అది అంచనాగా మిగిలేది.

మీరు చేయవలసింది చెబుతాను. పేపరు తీసి జిల్లా పేజీలో ఒక హెడ్డింగు చూడండి, కింది వార్తను చేత్తో కప్పేయండి. హెడ్డింగును పూర్తి ఇంగ్లీషు వాక్యంగా నోట్‌బుక్కులో రాయండి. 'త్రీ హెల్డ్ ఫర్ చెయిన్ స్నాచింగ్ ఇన్ కావలి' అని ఉంటే 'త్రీ పర్సన్స్ వర్ అరెస్టెడ్ ఫర్ చెయిన్ స్నాచింగ్ ఇన్ కావలి' అని. తర్వాత చెయ్యి తీసి మొదటి పేరా చదవండి. అక్కడ విలేకరి రాసింది దాదాపు ఇదే ఉంటుంది, భూతకాలంలో, 'వర్'తో, 'ది'తో. అంటే మీరు రాసినదానికి కీ అదే పేజీలో అచ్చయి ఉంది. మీరు 'టు' అన్నచోట 'విల్' రాశారా, కర్మణి అయినచోట 'వజ్', 'వర్' పెట్టారా, 'ఎ', 'ది' ఎక్కడ తప్పాయి, అన్నీ మీరే దిద్దుకోవచ్చు. మన పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ తప్పులు పోయేది ఆర్టికల్స్ దగ్గరే, తెలుగులో అవి లేవు కాబట్టి. హెడ్డింగులో తీసేసిన ఆర్టికల్స్‌ను మీరే తిరిగి పెట్టడం కన్నా మంచి అభ్యాసం నాకు తెలియదు. ఎర్రర్ స్పాటింగ్‌లో అడిగేది కూడా సరిగ్గా ఈ జాగాలే, కర్తకు తగిన క్రియ, ఆర్టికల్, సహాయక క్రియ. మీరు శత్రువు అనుకున్న హెడ్డింగే మీకు రోజూ ప్రశ్నపత్రం ఇస్తోంది.

ఒక్క జాగ్రత్త. హెడ్డింగులు బట్టీపట్టి వాటిని వ్యాసంలోకి, ఉత్తరంలోకి తేవద్దు. డిస్క్రిప్టివ్ పేపరులో 'గవర్నమెంట్ టు బిల్డ్ పోర్ట్' అని వాక్యం రాస్తే మార్కులు పోతాయి. అక్కడ 'ది గవర్నమెంట్ విల్ బిల్డ్ ఎ పోర్ట్' అని రాయాలి. 'నాడ్', 'మల్', 'ఫ్లే' లాంటి మాటలు అర్థం చేసుకోవడానికే, రాయడానికి కాదు. 'అప్రూవల్', 'కన్సిడర్', 'క్రిటిసైజ్' అని రాయండి. నా అభిప్రాయంలో మొదటి నెల సంపాదకీయాల జోలికి కూడా పోనక్కర్లేదు. జిల్లా పేజీ, ఆటల పేజీ చాలు, ఎందుకంటే అక్కడి వార్తలు మీకు ముందే తెలిసి ఉంటాయి. తెలిసిన సంగతిని ఇంగ్లీషులో చదివినప్పుడు భాష మీదే దృష్టి నిలుస్తుంది.

మీ తమ్ముడు పదో తరగతి అని రాశారు కదా, అతనికీ ఇది పనికొస్తుంది. మన రాష్ట్ర ఇంగ్లీషు పుస్తకాల్లో డిస్కోర్సుల కింద, అంటే సొంతంగా రాసే అభ్యాసాల్లో, న్యూస్ రిపోర్ట్ రాయమంటారు. చాలామంది పిల్లలు హెడ్డింగులో 'ఏన్ యాక్సిడెంట్ వజ్ హ్యాపెన్డ్' అని రాస్తారు. ఇది హెడ్డింగుగానూ తప్పు, వాక్యంగానూ తప్పు, ఎందుకంటే 'హ్యాపెన్'కు కర్మణి రూపమే లేదు. 'టూ హర్ట్ ఇన్ బస్ యాక్సిడెంట్' అని పైన రాసి, కింద ఊరి పేరు, తేదీ వేసి, మొదటి వాక్యం 'టూ పీపుల్ వర్ హర్ట్ వెన్ ఎ బస్ హిట్ ఎ ట్రీ నియర్ ఒంగోలు ఆన్ మండే' అని భూతకాలంలో మొదలుపెట్టమనండి. హెడ్డింగు ఒక పద్ధతి, కింది వార్త ఇంకో పద్ధతి అని అతనికి తెలుసని దిద్దేవాళ్లకు ఆ రెండు లైన్లలోనే కనిపిస్తుంది.